క్రేన్ మిషన్ పట్టువిడుపులు

నా చేతి చలవ

ముందు నా తెలివి సంగతి చెప్పేస్తాను. చిన్న విషయం, తొందరగా అయిపోతుంది.

ప్రొద్దుటూరులో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు నడిపి, అది నడవక, సౌదీలో అల్ ఖోబర్‌లోని ఒక ఆటల హాలుకు టెక్నీషియన్‌గా వెళ్ళాను. కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే హాలు అది. కార్ల ఆటలు, బాస్కెట్ బంతులు, గుండ్రంగా పరుగెత్తే దీపాలు, వాటి మధ్య గాజు పెట్టెల్లో బొమ్మల గుట్టలు. గుట్టపైన మూడు వేళ్ళ ఇనుప పంజా వేలాడుతుంటుంది. టోకెన్ వేసి, కడ్డీ తిప్పి, పంజాను నచ్చిన బొమ్మ మీదికి చేర్చి బటన్ నొక్కాలి. పంజా దిగి, బొమ్మను పట్టి, పైకి లేపి, మూలనున్న గొట్టంలో వేస్తే బొమ్మ మనది. మేం దాన్ని క్రేన్ మిషన్ అంటాం.

అది చేతి పనితనమని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. వెంట్రుకంత తీగల్ని అతికించిన చేతికి ఒక గుడ్డ ఒంటెను లేపడం లెక్కా? పొట్ట దగ్గర కాదు, మెడ దగ్గర పట్టాలి. పంజా ఊగడం ఆగాక నొక్కాలి. అలా ఒక శాస్త్రమే తయారుచేశాను. అజీజియాలో మా గదిలో ఉండేవాళ్ళకు దాని మీద ఉపన్యాసాలు ఇచ్చాను. ఒక శుక్రవారం వాళ్ళంతా చూడటానికి వచ్చారు. పంజా ఒంటెను అందంగా పట్టింది, అందంగా లేపింది, సరిగ్గా గొట్టం అంచు దాకా తెచ్చి వదిలేసింది. ఏసీ గాలి తగిలిందన్నాను. మళ్ళీ వదిలేసింది. ఒంటె బొచ్చు జారుడుగా ఉందన్నాను. గదివాళ్ళు మర్యాదస్తులు, ప్రతి కారణానికీ ఒప్పుకున్నారు. ఒంటె ఒక్కటే ఒప్పుకోలేదు.

దూరంగా నిలబడి ఇదంతా చూస్తున్నాడు నా పై టెక్నీషియన్ రొమెల్. ఫిలిప్పీన్స్ మనిషి. అందరం కుయా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అన్న అని. మా వాళ్ళు వెళ్ళిపోయాక తాళం తీసి మిషన్ తలుపు తెరిచాడు. లోపల అగ్గిపెట్టెంత తెర. దాని మీద ఒక అంకె.

"బాషా, నువ్వు ఇంతసేపూ ఒంటెతో ఆడలేదు," అన్నాడు. "ఈ అంకెతో ఆడావు. ఇన్ని ఆటలకు ఒకసారే పంజా గట్టిగా పడుతుంది. మిగతావన్నీ వదిలేసే పట్లే."

ఆ మిషన్‌ను బాగుచేసేవాణ్ణి నేనే. నన్ను బాగుచేసింది మాత్రం కుయా.

మకావు చదువు

కుయా అంతకుముందు మకావులో కాసినోల స్లాట్ మిషన్లు బాగుచేసేవాడు. సౌదీలో ఆ మిషన్ ఉండదు, ఉండకూడదు. కానీ దాని దాయాదులు మా హాలు నిండా ఉన్నాయనీ, పెద్దాయన్ని అర్థం చేసుకోకుండా ఈ పిల్లకాయల్ని బాగుచేయలేననీ కుయా అభిప్రాయం. మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉన్నప్పుడు పాఠం చెప్పేవాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు వినవలసిన పాఠం కనుక క్లుప్తంగా రాస్తాను.

మొదటి స్లాట్ మిషన్లలో కరెంటు లేదు. మూడు చక్రాలు, ఒక్కొక్క దాని చుట్టూ బొమ్మలు, పక్కన ఒక పిడి. పిడి లాగితే స్ప్రింగు బిగుసుకుని చక్రాలను తిప్పుతుంది. తర్వాత మూడు ఇనుప మీటలు ఒకదాని వెనక ఒకటి పడి, చక్రానికి కోసిన గాట్లలో ఇరుక్కుని ఆపుతాయి. మూడూ ఒకేసారి ఎందుకు ఆగవు? మొదటి రెండు బొమ్మలూ కలిసి, మూడో చక్రం ఇంకా తిరుగుతుంటే మనిషి ఊపిరి బిగబడుతుంది కనుక. ఆ ఊపిరి కోసం పెట్టిన ఏర్పాటు అది. జూదం మీద నిషేధం వచ్చిన చోట, ఇది జూదం కాదు, చూయింగ్ గమ్ అమ్మే పెట్టె అని చెప్పి, గమ్ రుచుల గుర్తుగా చెర్రీలు, నిమ్మకాయలు వేశారట. గమ్ పోయింది, పళ్ళు మిగిలాయి.

తర్వాత మోటార్లు వచ్చాయి, చివరికి చిప్పు వచ్చింది. చిప్పు వచ్చాక చక్రం తిరగడం వట్టి నాటకం. బటన్ నొక్కిన క్షణంలోనే లోపల ఒక అంకె పడిపోతుంది. ఆ అంకె ఎక్కడ ఆగమంటే చక్రం అక్కడ ఆగుతుంది. పెద్ద బహుమతి బొమ్మకు ఒక్క అంకె ఇస్తారు. దానికి పైనా కిందా ఉన్న ఖాళీలకు బోలెడు అంకెలు ఇస్తారు. అందుకని పెద్ద బొమ్మ ఎప్పుడూ గీతకు కాస్త పైనో కాస్త కిందో కనిపిస్తుంది. ఆడేవాడు అబ్బా, కొంచెంలో తప్పిందనుకుంటాడు. అసలు దగ్గరికే రాలేదు. ఆ కొంచెం కూడా ఇంజనీర్లు కూర్చుని చేసిందే.

నా ఒంటె గొట్టం అంచున జారడమూ అదే పని. పంజా వేళ్ళను బిగించేది లోపలి కాయిల్. దానికి పూర్తి కరెంటు ఇస్తే ఇటుకనైనా పట్టుకుంటుంది. లేపాక కరెంటు తగ్గిస్తే వేళ్ళు సడలుతాయి. ఎప్పుడు సడలాలో బోర్డు చెబుతుంది. పట్టువిడుపులు తెలిసిన మనిషిని పెద్దమనిషి అంటాం. పట్టువిడుపులు తెలిసిన మిషన్‌ను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"మరి ఇది జూదం కాదా కుయా?" అని ఒకరోజు అడిగాను. నమాజు చేసేవాణ్ణి, అడగకుండా ఉండలేకపోయాను.

"కాసినోలో కూర్చున్నవాడికి మిషనే నిర్ణయిస్తుందని తెలుసు," అన్నాడు. "ఇక్కడ ఆ సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. ఏది మేలో నువ్వే చెప్పు."

చాలా బోర్డుల్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది: పట్టు ఎప్పుడూ ఒకేలా ఉండి, గెలుపు చేతిని బట్టే వస్తుంది. కుయా తాళం అడిగి తీసుకుని, పిల్లల బొమ్మల మిషన్లన్నిటినీ ఒక్కొక్కటిగా దానికే మార్చాను. కుయా చూశాడు. రెండు వారాల తర్వాత ఒక తాళంచెవి నాకూ ఇచ్చాడు. అదే ఒప్పుకోలని అర్థం చేసుకున్నాను. మీరు కొత్త హాల్లో చేరితే మొదటిరోజే ఆ తెర తెరిచి చూడండి. అక్కడ ఏ అంకె ఉందో, దాన్ని ఎవరు పెట్టమన్నారో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టకండి.

మూర్తిగారి పొదుపు

కుయా రిటైరై వెళ్ళిపోయాక హాలుకు మేనేజరుగా మూర్తిగారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడేమీ కాదు. ఖర్చు తగ్గించి చూపించాలన్న ఆత్రం ఒకటే ఆయన జబ్బు.

అప్పట్లో నమాజు వేళకు దుకాణాలన్నీ షట్టర్లు దించాల్సిందే. ఇప్పుడు ఆ కట్టుబాటు సడలింది. హాల్లో మా ముస్లింలం పక్కనే ఉన్న మసీదుకు వెళ్ళేవాళ్ళం. లోపల గంగారాం ఒక్కడే ఉండేవాడు. జగిత్యాల మనిషి, అద్దాలు తుడవడం, నేల తుడవడం అతని పని. షట్టరు దించిన హాల్లో దీపాలెందుకు, మిషన్లెందుకు, ఏసీ ఎందుకని మూర్తిగారు కొత్త నియమం పెట్టారు: ప్రతి నమాజుకూ గంగారాం మెయిన్ స్విచ్ దించాలి, అయిపోయాక ఎత్తాలి. ఆయన గదికి వేరే లైను ఉంది, అక్కడి ఏసీకి నమాజుతో సంబంధం లేదు.

"బోర్డులను అట్ల మాటిమాటికీ ఆర్పకూడదు సార్," అన్నాను.

"ఏమవుద్దయ్యా? ఇంట్లో టీవీ ఆర్పట్లేదూ?"

టీవీ మెకానిక్‌ను కదా, ఆ మాటకు తల ఊపి వచ్చేశాను. పై అధికారి పోలిక చెప్పాడంటే మన వాదన అయిపోయినట్టే. ఇప్పుడైతే ఊరుకోను.

ఫోన్ల మిషన్

హాలు నడుమ ఒక పెద్ద క్రేన్ మిషన్ ఉండేది. అందులో బొమ్మలు కాదు, మొబైల్ ఫోన్ల డబ్బాలు. చాలా అరుదుగా గట్టిపట్టు పడేలా మూర్తిగారే దగ్గరుండి పెట్టించారు. నేను మార్చని మిషన్ అది ఒక్కటే. అలాంటి దాంట్లోంచి ఒక వేసవిలో ఫోన్లు వరసగా పోసాగాయి.

ఒక సోమవారం మూర్తిగారు నన్నూ గంగారాంనూ గదికి పిలిచి కెమెరా వీడియో చూపించారు. షట్టరు లేవగానే ముగ్గురు నలుగురు కారు డ్రైవర్లు తిన్నగా ఫోన్ల మిషన్ దగ్గరికి వస్తారు. మొదటి ఆటకే డబ్బా రాలుతుంది. మర్నాడూ అంతే.

"ఎప్పుడూ నమాజు తర్వాతే ఎందుకు పడతాయయ్యా ఫోన్లు? ఆ టైములో లోపలుండేది ఎవరు?" అన్నారు మూర్తిగారు.

"నేనే సార్. గని నా దగ్గర తాళమే లేదు. మిషన్ ఎట్ల తీస్త?" అన్నాడు గంగారాం.

"లేకపోతే ఇంకోటి చేయించుకుంటావు. నీ చేతివాటం నాకు తెలీదనుకున్నావా?"

"నా చేత్ల తుడిచే గుడ్డ తప్ప ఏముంటది సార్."

"షట్టరు దించాక ఏం జరిగిందో కెమెరాలో చూపించు మరి."

చూపించడానికి ఏమీ లేదు. మెయిన్ దించితే కెమెరాకూ కరెంటు ఉండదు. ఉన్న ఒక్క సాక్షినీ మూర్తిగారి పొదుపే నిద్రపుచ్చింది.

"గురువారం కఫీల్ వస్తున్నాడు. ఆయనతో చెప్పి ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తా. పోలీసు కేసు లేకుండా పంపిస్తున్నా, సంతోషించు." కఫీల్ అంటే మా వీసాల యజమాని, హాలూ ఆయనదే, ఉండేది దూరాన ఖఫ్జీలో; ఫైనల్ ఎగ్జిట్ అంటే మళ్ళీ రాకుండా ఇంటికి పంపేయడం.

బయటికి వచ్చాక గంగారాం గుడ్డను పిండి, విదిల్చి, మళ్ళీ పిండాడు. "మా బావ గీ కఫీల్ దగ్గర్నే ఖఫ్జీల డ్రైవర్, బాషా భాయ్," అన్నాడు చివరికి. "నన్ను తెచ్చింది ఆయనే. నేను పోతే పోత. దొంగ అని పోతే ఆయన మొఖం ఏం గావాలె?"

నేను వెనక్కి తిరిగి మూర్తిగారి గదిలోకి వెళ్ళాను. "గురువారం దాకా ఆగండి సార్. మిషన్ సంగతి నేను తేలుస్తా."

"తేల్చు. కానీ రెండో తాళం నీ దగ్గరే ఉందని మర్చిపోకు."

అంటే నేను ఫెయిలయితే దొంగల లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. పంజా వదిలేస్తే వదిలేసింది, నేను వదలకూడదనుకున్నాను.

మెలకువలో లేని జబ్బు

సోమవారమంతా కాయిల్ విప్పి చూశాను. బాగుంది. మంగళవారం తీగలన్నీ మార్చాను. ఆటలు ఆడి చూస్తే అంకె ఎంత చెబితే అంతే, ఒక్క ఆట అటూ ఇటూ లేదు. బోర్డు మా ఊరి తాసిల్దారుకన్నా నియమంగా ఉంది. అజాన్ వినిపించగానే పనిముట్లు సర్ది మసీదుకు పోయేవాణ్ణి, వచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. నేను వచ్చేలోపే ఇంకో ఫోను పోయుండేది.

బుధవారం సాయంత్రపు అసర్ అజాన్ అయ్యేసరికి నేను మిషన్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. నోట్లో స్క్రూలు, చేతిలో తీగ. అప్పుడు తట్టింది. తాళం ఉన్నవాడు నమాజు వేళ హాల్లో ఉండడు. హాల్లో ఉన్నవాడికి తాళం లేదు. మూడోవారు మూర్తిగారు, తన ఏసీ గదిలో ఉంటారు. మిషన్ ఆరి వెలగడాన్ని తలుపు తెరిచి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. మిషన్ చూడాల్సిన మెకానిక్‌నూ నేనే, అయిదు పూటల నమాజు మనిషినీ నేనే. ఆ రెండోది నన్ను సరిగ్గా ఆ వేళకే బయటికి పంపిస్తోంది. నమాజు తర్వాత ఒక్కణ్ణే చదువుకోవచ్చు, అల్లా క్షమిస్తాడు, మూర్తిగారు క్షమించరనుకుని ఉండిపోయాను.

గంగారాం షట్టరు దించాడు, మెయిన్ దించాడు. చీకటి. కాసేపటికే హాలు ఇటుకబట్టీ అయింది. అతను చొక్కా విప్పి తడి తువ్వాలు తలమీద వేసుకున్నాడు.

"రోజూ ఇంతేనా అప్పా?"

"గింతే భాయ్. మీరు దేవుని దగ్గరికి పోయొస్తరు, నేను ఆవిరి స్నానం జేస్త."

"మూర్తి సార్‌కు చెప్పకపోయినావా?"

"చెప్పిన. షట్టరు సందుల నుంచి గాలొస్తది గదా అన్నడు. గాలికి గూడ తాళం ఉందేమో, రాదు."

నమాజు ముగిసిన వేళకు అతను మెయిన్ ఎత్తాడు. నేను తలుపు తెరిచి తెర చూస్తున్నాను. మిషన్ మేల్కొంది. ఇందాకటి దాకా ఆటల లెక్క చూపిన చోట అన్నీ సున్నాలు. పంజా తనంతట తాను దిగి, టక్కుమని వేళ్ళు బిగించి, పైకి పోయింది. టోకెన్ వేశాను. ఫోన్ డబ్బాను అది పట్టుకున్న తీరు చూస్తే లాక్కోవడానికి ఇద్దరు మనుషులు కావాలనిపించింది. రెండో ఆటకు మామూలు వదులు పట్టే. గంగారాం చేత మళ్ళీ ఆర్పించి వెలిగించాను. మళ్ళీ మొదటి ఆట ఉడుంపట్టు.

బోర్డు విప్పితే కారణం దొరికింది. దాని మీద గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా లెక్క గుర్తుంచుకోవడం దాని పని. సముద్రపు తేమకు దాని కాళ్ళు పచ్చగా చివికిపోయి ఉన్నాయి. ఆరిన ప్రతిసారీ బోర్డు ఆటల లెక్కంతా మర్చిపోతోంది. లెక్క గుర్తులేని బోర్డు తనను ఫ్యాక్టరీ నుంచి అప్పుడే తెచ్చారనుకుంటుంది. బిగించేవాడు పరీక్షించుకోవడానికి మొదటి ఆట పూర్తి బలంతో ఇస్తుంది. మసీదు నుంచి ముందుగా వచ్చే డ్రైవర్లకు ఆ మొదటి ఆట ఒకసారి అదృష్టంగా దొరికింది, తర్వాత అలవాటైంది.

మూడు రోజులూ నేను మెలకువగా ఉన్న మిషన్‌నే పరీక్షించాను. దాని జబ్బు నిద్రలో ఉంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: మిషన్ పనిచేస్తుంటే చూడటం సగం పనే. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా ఆర్పుతున్నారో కూడా అక్కడే నిలబడి చూడాలి.

బ్యాటరీ మార్చలేదు. సాక్ష్యంగా అలాగే ఉంచి మూర్తిగారికి చెప్పాను. ఆయన పూర్తిగా వినలేదు.

"బ్యాటరీ కథలు చెప్పకయ్యా. ఇద్దరూ తెలుగోళ్ళు, ఒకే క్యాంపు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదా?"

"మీరూ తెలుగోళ్ళే కదా సార్," అన్నాను.

గురువారం

మా కఫీల్ అబూ ఫహద్ చేతిలో తస్బీ అనే జపమాలతో, తక్కువ మాటలతో వచ్చాడు. మూర్తిగారు ఇంగ్లీషులో తన ఫిర్యాదు చెప్పారు. నాకొచ్చిన అరబీలో నేను ఒక్కటే అడిగాను. రాత్రి ఇషా నమాజుకు అందరం వెళ్దాం. గంగారాం కూడా బయటే ఉంటాడు. రెండు తాళాలూ పట్టుకుని మేనేజరుగారే లోపల మిషన్ పక్కన ఉండాలి, ఆయన గదికి తాళం వేసి అది కఫీల్ దగ్గర ఉంచాలి. ఆయన చేత్తోనే మెయిన్ దించి, మేం రాగానే ఆయన చేత్తోనే ఎత్తాలి. మొదటి ఆట కూడా ఆయనే ఆడాలి. అప్పుడు ఎవరి చేతివాటమని ఎవరూ అనలేరు.

"నేనెందుకండీ లోపల?" అన్నారు మూర్తిగారు.

"లేశ్ లా?" అన్నాడు అబూ ఫహద్. ఎందుకు కూడదని. ఆ రెండు మాటల తర్వాత వాదన ఉండదు.

మేం తిరిగొచ్చి షట్టరు ఎత్తాం. మూర్తిగారి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, టై చేతిలో ఉంది, కళ్ళద్దాలు మసకబారి ఉన్నాయి.

"లోపల వాన పడిందా?" అని అడిగాడు అబూ ఫహద్.

మూర్తిగారు మెయిన్ ఎత్తి, తడి చేత్తో టోకెన్ వేసి, ఎటూ గురిచూడకుండా బటన్ నొక్కారు. పంజా దిగి డబ్బాను పట్టి, తెచ్చి గొట్టంలో వేసింది. అబూ ఫహద్ మళ్ళీ ఆర్పమన్నాడు. మళ్ళీ వెలిగించమన్నాడు. రెండో డబ్బా పడింది. మూడోసారి అక్కర్లేదని చెయ్యి ఊపాడు.

"నమాజు వేళ కరెంటు తీయమన్నది ఎవరు?"

మూర్తిగారు బిల్లు సంగతి, ఆదా సంగతి చెప్పబోయారు.

"అయితే నా ఫోన్లు తీసుకుపోయింది నీ ఆదానే," అన్నాడు అబూ ఫహద్. గంగారాం ఎక్కడికీ పోడనీ, ఇకమీద షట్టరు దించినా మెయిన్ దించకూడదనీ, ఏసీ నడవాల్సిందేననీ చెప్పాడు. తర్వాత తస్బీ తిప్పుకుంటూ మూర్తిగారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

మూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "ఏదో పొరపాటు పడ్డానయ్యా గంగారాం. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, ఏం లేదు సార్." గంగారాం భుజం మీది గుడ్డ తీసి చాపాడు. "గిది ఉతికిందే. మొఖం తుడుసుకోండ్రి."

మర్నాడు పొద్దున బ్యాటరీ మార్చాను. ఆ చేత్తోనే ఫోన్ల మిషన్‌ను కూడా పిల్లల బొమ్మల మిషన్ల దారిలో పెట్టేశాను. అబూ ఫహద్‌ను అడిగే చేశాను.

ఆ నమాజు

ఒక సంగతి దాటేశాను. మేం నమాజుకు వెళ్ళి తిరిగొచ్చామని రాశానే తప్ప ఎంతసేపట్లో వచ్చామో రాయలేదు.

నిజానికి అందరం కలిసి చదివే జమాత్ తొందరగానే ముగిసింది. అబూ ఫహద్ లేచి చెప్పుల వైపు చూశాడు. నేను ఎవరికి వారు చదువుకునే సున్నత్ నమాజుకు నిలబడ్డాను. తర్వాత అదనంగా చదివే నఫిల్ నమాజుకు నిలబడ్డాను. జీవితంలో అంత నిదానంగా, అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. నమాజులో ఉన్న మనిషిని తొందరపెట్టలేక ఆయన గోడకు ఆనుకుని తస్బీ తిప్పుకున్నాడు. బయటికి వచ్చాక, ఖఫ్జీ నుంచి అంత దూరం కారులో వచ్చారు, అలసిపోయుంటారు, ఒక చాయ్ తాగి పోదామన్నాను. మలయాళీ అతని చాయ్ అంగడి అప్పుడే తలుపు తెరిచింది. మసీదు మెట్ల మీద కూర్చున్న గంగారాంను కూడా పిలిచాను. ఆగస్టు నెల, అంగడిలో ఏసీ చల్లగా ఉంది.

చాయ్ సగం అయ్యేసరికి నా ఫోను మోగింది.

"ఏవయ్యా బాషా, ఎక్కడున్నారు? ఇక్కడ ఊపిరాడట్లేదు. ఇంకా ఎంతసేపు?"

"దారిలో ఉండాం సార్," అన్నాను.

అబద్ధం కాదు. చాయ్ అంగడి దారిలోనే ఉంది. గంగారాం ఒకసారి నా ముఖంలోకి చూసి, మలయాళీ అతన్ని పిలిచి అందరికీ ఇంకో చాయ్ చెప్పాడు.